ఎనభై మూడు లక్షల చుక్కలు

నాలో అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలున్నాయి. గుణిస్తే 82,94,400. ఒక్కో చుక్క మిల్లీమీటరులో ఆరో వంతు కూడా ఉండదు. మీరు పంపే బొమ్మ ఎంత చిన్నదైనా సరే, తెర నిండా కావాలన్నారంటే ఈ చుక్కలన్నీ ఏదో ఒక రంగు చూపించాల్సిందే. తెలియనిచోట ఖాళీగా వదిలేసే వీలు నాకు లేదు. నా కష్టసుఖాలన్నీ ఇందులోంచి పుట్టినవే.

నేను 27 అంగుళాల 4కే మానిటర్ని. గుంటూరులో ఒక ఫొటో స్టూడియో వెనకగదిలో ఉంటాను. మా యజమాని పాత పెళ్లి క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాడు. కొట్టు కట్టేశాక ఆయన కొడుకు నా ముందు కూర్చుని గేములు ఆడతాడు. అందుకే పొద్దస్తమానం నాకు చిన్న బొమ్మలతోనే పని. వచ్చినవాళ్లు నన్ను చూసి ‘ఇంత ఖరీదైన తెర మీద ఇంత మసకేమిటండీ’ అంటుంటారు. ఆ మాటకు జవాబు చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

వీహెచ్ఎస్ టేపును కంప్యూటర్లోకి తీసుకుంటే 720 × 576 బొమ్మగా వస్తుంది. అంటే నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. నిజానికి టేపులో అంత సరుకు కూడా ఉండదు. అడ్డంగా ఓ 240 గీతల వివరం దొరికితే గొప్ప, రంగుల వివరం అంతకన్నా బాగా తక్కువ. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర రంగు అంచు దాటిపోయి పక్కనున్న అరటాకు మీదికి పాకేది అందుకే. పేర్లు పడేచోట ‘వధువు’లో ధ అడుగున ఉండాల్సిన చిన్న గీత టేపులోనే కరిగిపోయి ఉంటుంది. పదును ఎంత పెంచినా అక్షరం చుట్టూ తెల్లటి అంచు తేలుతుందే తప్ప ఆ గీత రాదు.

ఇంకో చిక్కుంది. ఆ టేపులో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో బేసి గీతలు ఒక క్షణానివైతే, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసినవి. పురోహితుడు మంత్రాలు చదువుతూ కదలకుండా కూర్చున్నంతసేపూ రెండూ చక్కగా అతుక్కుని ఉంటాయి. తలంబ్రాలు మొదలవగానే గుట్టు రట్టవుతుంది. గాల్లో ఎగిరే ప్రతి బియ్యపుగింజా రెండుచోట్ల కనిపిస్తుంది. పెళ్లికొడుకు మోచేతి అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు లేస్తాయి. పాత ట్యూబ్ టీవీ ఆ రెండు సగాలనూ ఒకదాని తర్వాత ఒకటిగా గీసేది. నా తెరకు అవి కలిసే వస్తాయి, కలిపే చూపిస్తాను. మా యజమాని వాటిని విడదీసి, సెకనుకు 50 నిండు బొమ్మలుగా మార్చి పంపితే గింజలు మళ్లీ గింజల్లా ఎగురుతాయి. ఈ ఒక్క పని శ్రద్ధగా చేస్తే సగం రోత అక్కడే పోతుంది. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా పదును పెంచే మీట మీద పడతారు. నాకు బాధ కలిగేది అక్కడే.

టేపు సరిగా తిరుగుతోందో లేదో చూడ్డానికి గది మూల 21 అంగుళాల ట్యూబ్ టీవీ ఒకటి ఉంచారు. అదే టేపు దాంట్లో ముచ్చటగా ఉంటుంది. వచ్చే బొమ్మను చుక్కకు చుక్క సరిపెట్టాల్సిన పని దానికి లేదు. ఎలక్ట్రాన్ల పుంజం గీతలు గీసుకుంటూ పోతుంది, ఒక్కో గీత అంచు మెత్తగా పక్క గీతలో కలిసిపోతుంది. దూరం కూడా లెక్కలోకి వస్తుంది. అప్పట్లో ఇంటిల్లిపాదీ పది అడుగుల అవతల కూర్చుని చూసేవాళ్లు. నా ముందు కూర్చునేది రెండడుగుల దూరంలో. అంటే కంటికి అదే బొమ్మ దాదాపు ఐదింతలై కనిపిస్తుంది. ఆ పెళ్లి తీసిన వీడియోగ్రాఫర్ అంత దగ్గరి చూపును ఊహించి తీయలేదు.

గేముల దగ్గర అంతా గుణకారమే. 1920 × 1080 వస్తే దాని ఒక్కో చుక్కకు నావి నాలుగు. 1280 × 720 అయితే తొమ్మిది. శేషం మిగలదు. 2560 × 1440 వస్తే ఒక్కో వైపు ఒకటిన్నర చుక్క కేటాయించాలి. సగం చుక్కను ఒక రంగులో, సగాన్ని ఇంకో రంగులో వెలిగించడం నావల్ల కాదు. రెండింటి చోట మూడు వెలిగించి, నడిమిదాన్ని రెండు రంగుల కలగలుపుగా చూపించాలి. పరిగెత్తే బొమ్మల్లో ఇది తెలియదు, మూలనున్న స్కోరు అంకెల్లో పట్టేయొచ్చు. లెక్క సరిపోయే 1080ని సైతం పక్క చుక్కలతో కలిపి మెత్తబరచడమే ఏళ్ల తరబడి అలవాటుగా సాగింది. 2019లో ఇంటెల్, ఎన్విడియా తమ డ్రైవర్లలో ఇంటీజర్ స్కేలింగ్ పెట్టాక, ఒక చుక్కను కలగలపకుండా కచ్చితంగా నాలుగు చేసి పంపడం వీలైంది.

ఒకరాత్రి మా యజమాని కొడుక్కి డేంజరస్ డేవ్ చూపించాడు. డాస్‌లో 1990 నాటి ఆట. స్కూలు కంప్యూటర్ ల్యాబుల్లో దాన్ని ఆడి పెరిగినవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. దాని కొలత 320 × 200. అయితే అప్పటి తెరల మీద ఆ చుక్క చతురస్రం కాదు, వెడల్పుకు 1.2 రెట్లు ఎత్తు. నా చుక్కలు చతురస్రాలు. ఆయన ఒక్కో చుక్కకు అడ్డంగా 5, నిలువుగా 6 ఇచ్చాడు. 1600 × 1200 వచ్చింది, చుట్టూ నలుపు.

‘‘ఇంత చిన్నగానా నాన్నా? ఫుల్ స్క్రీన్ పెట్టొచ్చుగా!’’

‘‘చిన్నదేం కాదురా. మా ల్యాబులో మానిటరే ఇంత ఉండేది’’ అన్నాడాయన.

నిజమే. నా మీద ఆ బొమ్మ మూల నుంచి మూలకు పన్నెండు అంగుళాల పైన ఉంది. ఆనాటి 14 అంగుళాల మానిటర్లో కనిపించే భాగానికి చాలా దగ్గర. నాకు తృప్తినిచ్చిన పనుల్లో అదొకటి. ప్రతి ఇటుకా, డేవ్ ఎర్ర టోపీ, అన్నీ గీసినవాళ్లు గీసినట్టే నిలబడ్డాయి.

కొత్త ఆటల దారి వేరు. 2020లో డీఎల్ఎస్ఎస్ రెండో తరం, 2022లో ఎఫ్ఎస్ఆర్ రెండో తరం వచ్చాయి. 1080లో గీసిన ఆటను నా 2160కి పెంచడం వీటి పని. ఫ్రేము ఫ్రేముకూ చూసే బిందువును రవ్వంత జరుపుతూ, ముందు ఫ్రేముల్లో దొరికింది దాచుకుంటూ, ఏ వస్తువు ఎటు కదిలిందో ఆటనే అడిగి తెలుసుకుంటాయి. ఒక్కోసారి సన్నటి తీగ వెనక నీడలా మిగిలినా, మొత్తమ్మీద అది ఆధారమున్న పని. అందుకే నమ్ముతాను.

పెళ్లి టేపును అలా అడగడానికి వీల్లేదు. సినిమాకైతే ఫిలిం ఉంటుంది. 1957 నాటి మాయాబజార్ 2010లో రంగులద్దుకుని థియేటర్లకు రాగలిగింది దాని మూలం ఫిలిం మీద ఉండబట్టే. పెళ్లి టేపుకు వెనక నెగెటివ్ లేదు, టేపే మూలం. ఏఐ సాఫ్ట్‌వేర్ దాన్ని 4కేకి పెంచిందంటే కొత్తగా కనిపించేదంతా ఊహే.

ఒకావిడ తన పెళ్లి క్యాసెట్ చూసుకోవడానికి వచ్చింది. ఏఐతో పెంచిన బొమ్మ నా మీద నడుస్తోంది. చీరల అంచులు కోసినట్టున్నాయి, మొహాలు నున్నగా ఉన్నాయి. మండపం వెనక నిలబడిన ఆడవాళ్ల దగ్గర ఆపమంది.

‘‘అన్నయ్యగారూ, మా అమ్మ ముక్కుపుడక ఏదండీ?’’

ఆయన పక్కనే అసలు బొమ్మ తెరిచాడు. ఆ మొహం మొత్తం ముప్ఫై చుక్కల వెడల్పు. ముక్కు పక్కన ఒకే ఒక్క చుక్క, తల తిరిగినప్పుడల్లా తెల్లగా మెరిసి ఆరుతోంది. సాఫ్ట్‌వేర్ దాన్ని టేపు మీది మచ్చ అనుకుని తుడిచేసింది. మసకగా ఉన్న ఆ బొమ్మలోనే ఆవిడకు వాళ్లమ్మ దొరికింది.

‘‘నాకు ఇదే ఇవ్వండి.’’

మా యజమాని గీతలు విడదీసి, ఏఐని పక్కనపెట్టి, ఎత్తు 1080కి మాత్రం పెంచి ఇచ్చాడు. ‘‘టీవీ ఎంతమ్మా? నలభై మూడా? కుర్చీ కాస్త వెనక్కి వేసుకుని చూడండి. పక్కల నల్లగా వస్తుంది, సాగదీయకండి, మనుషులు లావైపోతారు. అసలు ఫైలు కూడా ఇందులోనే వేశాను, అది మాత్రం చెరపకండి’’ అని పెన్‌డ్రైవ్ చేతికిచ్చాడు.