ఛాన్సెంత, బావా?

అమెరికాలో తెలుగింటి పిల్లకి పదకొండో క్లాసు వచ్చిందంటే ఆ ఇంట్లో ఇక ఇళ్ల ధరల గురించి మాట్లాడరు, గ్రీన్‌కార్డు గురించి కూడా మాట్లాడరు. మాట్లాడేది ఒక్కటే: ఛాన్సెంత? హాప్కిన్స్‌లో ఛాన్సెంత, బ్రౌన్‌లో ఛాన్సెంత, కేస్ వెస్ట్రన్‌లో ఛాన్సెంత. పిల్లకి అసలు డాక్టరు కావాలని ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. అది బారసాల నాడే తేలిపోయిన విషయం.

టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది ఇప్పుడా దశలో ఉన్నాడు. వాడికి రాత్రి ఎనిమిదిన్నర అయితే నాకు పొద్దున్న ఏడు. సరిగ్గా పేపరు విప్పే వేళకి ఫోను మోగుతుంది. "బావా, సూటిగా చెప్పు. జీపీఏ 3.97, శాట్ 1540, ఏపీలు తొమ్మిది. ఛాన్సెంత?"

"తొమ్మిది ఏపీలేమిట్రా, ఉన్న ఒక్కదానికే రాజధాని తేలక ఏళ్లపాటు ఛస్తే" అన్నాను. వాడు నవ్వలేదు. ఏపీ అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సట. పక్కింటి వాళ్లమ్మాయికి పదకొండున్నాయట.

నేను డాక్టర్ని కాను, అమెరికా మొహం చూసినవాణ్ని కాను. నన్నే ఎందుకడుగుతాడంటే, అక్కడి తెలుగువాళ్లని అడిగితే నిజం చెప్పరట. వాళ్ల పిల్లలూ అవే కాలేజీలకి అప్లై చేస్తున్నారు మరి.

మనకి ఇంటర్ బైపీసీ కాగానే నీట్, ర్యాంకు వస్తే నేరుగా ఎంబీబీఎస్. అమెరికాలో అలా కాదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ పరీక్ష, తర్వాత నాలుగేళ్ల మెడిసిన్, ఆపైన మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ. ఆ మొదటి నాలుగేళ్లనే ప్రీమెడ్ అంటారు. చిత్రమేమిటంటే చాలా కాలేజీల్లో ప్రీమెడ్ అనే డిగ్రీయే ఉండదు. కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్సు లాంటి కొన్ని కోర్సులు పూర్తి చేస్తే చాలు. మిగతాది చరిత్ర చదువుకో, సంగీతం నేర్చుకో, నీ ఇష్టం. సాహిత్యం, తత్వశాస్త్రం చదివి అప్లై చేసినవాళ్లకి మెడికల్ సీట్లు దొరికే శాతం బయాలజీ వాళ్లకంటే తక్కువేం కాదు, కాస్త ఎక్కువే. ఈ మాట చెబితే మా వాడు ఫోను పెట్టేశాడు. మూడ్రోజులు మాట్లాడలేదు.

వాడికి కావలసింది తత్వశాస్త్రం కాదు, ఖాయమైన సీటు. అదీ ఉంది అమెరికాలో. బీఎస్-ఎండీ అంటారు. పదిహేడేళ్ల పిల్లకి డిగ్రీ సీటు, మెడికల్ సీటు ఒకే కవర్లో పెట్టి ఇస్తారు. బ్రౌన్ యూనివర్సిటీలో ఎనిమిదేళ్ల ప్రోగ్రాం, ఎంక్యాట్ రాయనక్కర్లేదు. మిస్సోరీ-కాన్సస్ సిటీలో 1971 నుంచీ నడుస్తున్న ఆరేళ్ల ప్రోగ్రాం. న్యూజెర్సీలో ఏడేళ్లది. బ్రౌన్ ప్రోగ్రాంకి వేలమంది అప్లై చేస్తే ఏటా చేరేది వందమంది కూడా ఉండరు.

మా వాడి కథ కొంచెం చెప్పాలి. ఎంసెట్ మెడిసిన్‌లో ర్యాంకు రాలేదు. విజయవాడలో ఏడాది లాంగ్ టర్మ్ కూర్చున్నాడు. అయినా రాలేదు. బీఫార్మసీ చదివి, అమెరికా వెళ్లి ఎమ్మెస్ చేసి, ఫార్మసీ మొహం మళ్లీ చూడకుండా సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. అయిదు బెడ్రూముల ఇల్లు, రెండు టెస్లాలు. వాడికి తీరనిదల్లా ఆ ఎంసెట్ ఒక్కటే. అది ఇప్పుడు మా మేనకోడలు రాస్తోంది.

అసలు వాళ్లు ఫ్రిస్కోలో ఇల్లు కొన్నదే బడులు బాగుంటాయని. అందరూ అదే అనుకుని కొన్నారు. దాంతో క్లాసులో ఎటు చూసినా మన పిల్లలే, అందరికీ జీపీఏ నాలుగుకి దగ్గరే. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ఒకటుంది: హైస్కూల్లో మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకి ప్రభుత్వ యూనివర్సిటీలు అడ్మిషన్ ఇచ్చి తీరాలి. ఆస్టిన్ యూనివర్సిటీకి దాన్ని ఆరుకీ, ఈమధ్య అయిదుకీ తగ్గించారు. ఫ్రిస్కో బడుల్లో ఆ అయిదులోకి రావడమంటే మాటలు కాదు. ఇప్పుడు మా వాడు, బడులు అంత బాగుండని ఊరికి మారితే ర్యాంకు పెరుగుతుందేమో అని లెక్కలు వేస్తున్నాడు. మంచి బడి కోసం అప్పు చేసి కొన్న ఇల్లు, మంచి బడి తప్పించుకోవడానికి అమ్మాలి.

ఇక కాలేజీ అడ్మిషన్ల కోసం పెట్టుకున్న కన్సల్టెంటు. గంటకి వాడు తీసుకునే ఫీజు వింటే మన ఊళ్లో స్పెషలిస్టు డాక్టరు ప్రాక్టీసు మానేసి వాడి దగ్గర చేరతాడు. కామన్ యాప్ అని అమెరికా కాలేజీలకి ఉమ్మడి దరఖాస్తు ఉంటుంది. అందులో చదువు కాకుండా చేసిన ఘనకార్యాలు పది రాయొచ్చు, ఒక్కోదానికీ 150 అక్షరాలు. అంటే పిల్ల పదిహేడేళ్ల జీవితం పదిహేను వందల అక్షరాల్లో ఇమడాలి, ఖాళీలతో సహా. ఒక సాయంత్రమంతా నాన్న, కన్సల్టెంటు, పిల్ల కలిసి కూచిపూడి రంగప్రవేశాన్ని 163 అక్షరాల నుంచి 150కి దించారు. పోయిన పదమూడింట్లో గురువుగారి పేరు కూడా పోయింది.

మిగతా తొమ్మిది వరసా చూశాను. తెలుగు బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించడం, ఆసుపత్రిలో వాలంటీరుగా దుప్పట్లు మడవడం, డిబేటు, టెన్నిస్. డబ్బు కడితే అచ్చేసే పత్రికలో ఒక పరిశోధనా వ్యాసం. హైస్కూలు పిల్లల కోసమే ఇలాంటి పత్రికలు పుట్టుకొచ్చాయి. ఆ వరసలో ఒక స్వచ్ఛంద సంస్థ కూడా ఉంది, గ్రామీణ భారత ఆరోగ్యం కోసం. వ్యవస్థాపకురాలు మా మేనకోడలు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నరసరావుపేట దగ్గర ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో నలభై వాటర్ బాటిళ్లు పంచి ఫొటో దిగారు, అదీ సంస్థ. దానికి ఇండియా డైరెక్టర్ని నేనే. ఆ సంగతి నాకు అప్లికేషన్ చూసినప్పుడే తెలిసింది.

అన్నిటికన్నా గడ్డు ఘట్టం వ్యాసం. 650 పదాలు. నువ్వు నువ్వుగా కనబడాలి అన్నాడట కన్సల్టెంటు, ఎలా కనబడాలో ఇరవై నమూనాలు పంపి. "మీ ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందా?" అని అడిగాడట. పిల్ల నిజం చెప్పే రకం, లేదంది. కన్సల్టెంటు మొహం వాడిపోయింది. అప్పుడు మా బావమరిదికి తన తల్లి గుర్తొచ్చింది.

మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు. ఎండాకాలంలో ఇప్పటికీ మేడెక్కి వడియాలు పెడుతుంది. వ్యాసం రెండో పేరాలో ఆవిడ ఐసీయూలో ఉంది. మూడో పేరాలో మనవరాలి చేయి పట్టుకుంది. నాలుగో పేరాలో పోయింది. ఆ క్షణాన పిల్లకి వైద్యమే తన జీవితమని తెలిసిపోయింది. మా ఆవిడ ఇది చదివి భోరున ఏడ్చి, అర్ధరాత్రి నరసరావుపేటకి ఫోన్ చేసి తల్లి గొంతు విన్నాక గానీ పడుకోలేదు. పొద్దున్నే సంగతి చెబితే అత్తగారు, "సీటొస్తుందంటే రాసుకోమనవే, నాదేం పోయింది?" అంది.

అబద్ధాలు అంటారేమో. మధ్యతరగతి అబద్ధాలివి, పాపం. డబ్బున్నవాళ్లవి వేరేగా ఉంటాయి. 2019లో బయటపడిన వ్యవహారంలో రిక్ సింగర్ అనే దళారీ, పడవెక్కని పిల్లల్ని పడవ పందేల ఆటగాళ్లని చూపించి పెద్ద కాలేజీల్లో జొప్పించాడు. శాట్ మార్కులు దిద్దించిన కేసులో ఒక హాలీవుడ్ నటికి పడ్డ శిక్ష పద్నాలుగు రోజుల జైలు. మనవాళ్లకి ఆ ధైర్యమూ లేదు, అంత డబ్బూ లేదు. నాయనమ్మే ఉంది.

కాలేజీలు మాత్రం తక్కువ తిన్నాయా? "మా దగ్గర చదివి అప్లై చేసినవాళ్లలో తొంభై శాతం మందికి మెడికల్ సీటొచ్చింది" అని కొన్ని చెప్పుకుంటాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గర రాలిపోయినవాళ్లు ఆ లెక్కలో ఉండరు. కొన్నిచోట్ల మెడికల్ కాలేజీకి డిగ్రీ కాలేజీ కమిటీ సిఫారసు ఉత్తరం ఇవ్వాలి. మార్కులు సరిపోనివాళ్లకి మెతగ్గా ఇచ్చి, లేదా అసలివ్వక, అప్లై చేయకుండానే ఆపేస్తారు. ఈ విద్య మనకి కొత్తా? ఫలితాల మర్నాడు పేపరు మొదటి పేజీలో ఒకే పిల్లాడు రెండు కాలేజీల ప్రకటనల్లో నవ్వుతూ కనబడటం చూస్తూనే ఉన్నాం.

నేనూ ఓ కన్సల్టెంటుగా మారి, మనవాడొకడి ఛాన్సులు లెక్కేశాను. 1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ మూడోసారి గానీ గట్టెక్కలేదు. చిన్నప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్ముదామని ఇంట్లోంచి పారిపోయాడంటారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ బదులు అంతకన్నా చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. కన్సల్టెంటు చూస్తే అరటిపళ్ల వ్యాపారాన్ని మాత్రం "ఫౌండర్, సీఈఓ" అని ఉంచి, మిగతాదంతా కొట్టేసి, "హార్వర్డ్ ఆశ వదులుకోండి" అనేవాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌కే వెళ్లాడు. ఆయన బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్‌ని కేన్సర్ వార్డుల్లో ఇవాళ్టికీ వాడుతున్నారు.

"పాత కథలొద్దు బావా, ఇప్పటి లెక్కలు చెప్పు" అన్నాడు. సరే, ఇప్పటివే. 2021లో హార్వర్డ్‌లో డిగ్రీకి 57,435 మంది అప్లై చేస్తే 1,968 మందికి దొరికింది, అంటే నూటికి నలుగురు కూడా కాదు. 2023-24లో అమెరికా ఎండీ కాలేజీలన్నిటికీ కలిపి 52 వేల పైచిలుకు మంది అప్లై చేస్తే దాదాపు 23 వేలమంది చేరారు. నూటికి నలభై ముగ్గురు. మన నీట్ 2024లో 23 లక్షల మంది రాస్తే ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకే. ఆ నలభై మూడులో ఉండటానికి ఏ డిగ్రీ కాలేజీ అయినా చాలు. మావాడు అవస్థ పడుతున్నది ఆ నలుగురిలో ఉండటం కోసం.

పైగా వాడున్నది టెక్సాస్‌లో. అక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు చట్టం ప్రకారం నూటికి తొంభై సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకే ఇవ్వాలి. ఫీజు బయటి ప్రైవేటు కాలేజీల్లో సగం కూడా ఉండదు. డాలస్‌లోనే సౌత్‌వెస్టర్న్ మెడికల్ కాలేజీ ఉంది, వాడింటి నుంచి కారులో వెళ్లొచ్చు. కొలెస్ట్రాల్ మీద పరిశోధనకి 1985లో నోబెల్ వచ్చింది అక్కడి మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకి. గోల్డ్‌స్టీన్ డిగ్రీ చదివింది వాషింగ్టన్ అండ్ లీ అనే చిన్న కాలేజీలో, మెడిసిన్ చదివింది ఈ డాలస్‌లోనే. మా వాడు రోజూ రాత్రి వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర ఎలా పనిచేస్తుందో తెలిసింది వాళ్ల పరిశోధన వల్లే. ఇదంతా చెప్పాను. "లోకల్ కాలేజీ అంటే తానా సభల్లో ఏం బాగుంటుంది బావా?" అన్నాడు.

ప్లాన్ బీ కూడా ఉంది వాడి దగ్గర, కరీబియన్ దీవులు. గ్రెనడాలో ఒక మెడికల్ కాలేజీ ఉంది. 1983లో రీగన్ ఆ దీవి మీదికి సైన్యాన్ని పంపినప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి, అక్కడ చిక్కుకున్న అమెరికన్ మెడికల్ విద్యార్థుల్ని కాపాడటం. స్వదేశంలో సీటివ్వలేకపోయినా సైన్యాన్ని మాత్రం పంపింది ఆ దేశం. ప్లాన్ సీ పేరు కూడా సీయే: మన ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ఎన్నారైల కోసం ఉంచే సీ కేటగిరీ. "రేటెంతుందో కనుక్కో బావా" అన్నాడు. ఇరవై ఏళ్ల కింద ఏ సీటు దొరక్క దేశం వదిలాడో ఆ సీటు డాలర్లలో కొనడానికి తయారు.

నిన్న మేనకోడలే ఫోన్ చేసింది. "మావయ్యా, నాన్నకి చెప్పొద్దు. నాకు మెడిసిన్ ఇష్టమే. కానీ ముందు యూటీ డాలస్‌లో చేరి చరిత్ర చదువుకుంటూ ప్రీమెడ్ కోర్సులు చేస్తాను. స్కాలర్‌షిప్ వస్తుంది. వ్యాసం కూడా మార్చేశాను, నాయనమ్మ వడియాలు పెడుతోంది అందులో." చరిత్ర సంగతి ఇంకా వాళ్ల నాన్నకి తెలియదు. ఈ కాలమ్ ఆయన ఎలాగూ చదవడు, అందుకే రాస్తున్నాను.

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. అమెరికాలో పదకొండో క్లాసు మనవలున్న అమ్మమ్మలకీ నాయనమ్మలకీ మనవి: జూలైలోగా అందరితోనూ ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడి, మీరు నిక్షేపంగా ఉన్నారని సాక్ష్యం పెట్టుకోండి.