మూడో రోజు మహిమ

జనవరి మొదటి వారంలో జిమ్ములో చేరిన వీరుడు తొలిరోజే వంద స్క్వాట్లు తీస్తాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు. మర్నాడు తొడలు పట్టేస్తాయి. ఆ మర్నాటికి కమోడ్ మీద కూర్చోవాలంటే గోడ, లేవాలంటే ఇంట్లోవాళ్లు కావాలి. సరిగ్గా ఆ శుభముహూర్తాన ట్రైనర్ గారు తనకు తెలిసిన ఆక్యుపంక్చర్ క్లినిక్ కార్డు చేతిలో పెడతారు. మూడు సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు ముందే కట్టాలి.

ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో గానీ గట్టివాడు. అలవాటు లేని వ్యాయామంతో వచ్చే ఈ నొప్పులు 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి, మందూ మాకూ లేకపోయినా వారం తిరిగేలోపు వాటంతటవే పోతాయి. నొప్పి కొండెక్కి కూర్చున్నప్పుడే సూది దిగుతుంది; ఇక నొప్పికి దిగిరావడం తప్ప దారేది? కాకి వాలింది, తాటిపండు రాలింది, ఫీజు కాకికి ముట్టింది.

"ల్యాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందండీ, లాగేస్తాం" అని అభయమొకటి. వ్యాయామం ఆపిన గంటా రెండు గంటల్లోనే అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మూడో రోజున లేనిదాన్ని లాగడమంటే సామాన్యమైన విద్యా! నొప్పికి మూలం కండరంలోని సన్నటి చిరుగులేనని థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1902లోనే రాశాడు. కండరం బరువు మోస్తూ సాగినప్పుడు ఈ దెబ్బ ఎక్కువ. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసమే వస్తుంది. తొడల పని పట్టేది నడిచి దిగినప్పుడే.

ఈ నొప్పుల మీద సూదికి జరిగిన పరీక్షలు చిన్నవి, ఒకదానితో ఒకటి పొసగనివి. పెద్ద పరీక్ష కావాలంటే నడుంనొప్పి దగ్గరికి వెళ్లాలి. జర్మనీలో 1,162 మందిపై చేసి 2007లో ఫలితం చెప్పారు. శాస్త్రోక్తమైన బిందువుల్లో గుచ్చితే 47.6 శాతం మందికి గుణం కనిపించింది. బిందువులు కాని చోట పైపైన గుచ్చితే 44.2 శాతం. మామూలు చికిత్సతో 27.4 శాతమే. చూశారా, గుచ్చితే చాలు, ఎక్కడన్నది అనవసరం! మరి గోడ మీద వేలాడే ఆ నరమానవుడి పటం, దాని నిండా చుక్కలు, ఏళ్ల తరబడి వాటిని బట్టీ పట్టిన గురువుగారు... వాళ్ల గతేం కాను?

అసలు తమాషా మరొకటుంది. కొన్నాళ్లకు అవే స్క్వాట్లు మళ్లీ తీస్తే నొప్పి బాగా తగ్గుతుంది, కండరం తనే రాటుదేలుతుంది. ఆ ఘనత కూడా పాత సూది ఖాతాలోనే జమ. తగ్గకపోతే మాత్రం "ఇంకో ప్యాకేజీ తీసుకోండి సార్."

వంద స్క్వాట్ల బదులు ఇరవై తీయండి, మెల్లగా పెంచండి. ఒళ్లు నొప్పులతో పాటు మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం కండరాలు కరిగి కిడ్నీల మీదికి వస్తోందన్నమాట. అప్పుడు సూదుల జోలికి పోకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి.