ఊరు అంటకుండా ఊళ్లో రెండు రాత్రులు

శనివారం పొద్దున బయల్దేరి సోమవారం ఆఫీసు వేళకు తిరిగొచ్చే సెలవులో కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ పెట్టుకోండి. పటం మీద బొటనవేలు ఒక ఊరి మీద ఆనిస్తే చూపుడువేలు రెండో ఊరిని అందుకుంటుంది. జగిత్యాల, నిర్మల్ మీదుగా పోయేసరికి రెండొందల కిలోమీటర్ల దాకా అవుతుందని ఎవరో ఒకరు అంటారు. కారులో ఏసీ వేసుకున్నాక కిలోమీటర్లు లెక్కపెట్టడం డ్రైవరు పని, మీది కాదు. పటం కూడా పాతదే వాడండి. జిల్లాలు విడగొట్టిన 2016 అక్టోబరు 11 తర్వాతి పటం తీశారంటే, హోటలు వెబ్‌సైట్లో ‘దర్శనీయ స్థలాలన్నిటికీ చేరువలో’ అన్న మాట దగ్గర చదువు ఆగిపోతుంది. వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లాలో, కొండగట్టు జగిత్యాల జిల్లాలో, బాసర నిర్మల్ జిల్లాలో, జోడేఘాట్ ఆసిఫాబాద్ జిల్లాలో తేలతాయి. పాత పటంలో అన్నీ రెండే జిల్లాల్లో ఒద్దికగా సర్దుకుని ఉంటాయి. అనుమానించేవాడికి సెలవు అచ్చిరాదు.

ఇక హోటలు. మీకు కావలసింది బొటిక్ హోటలు. గదులు పదిహేను మించకూడదు, ఏ రెండు గదులూ ఒకేలా ఉండకూడదు, ప్రతి గదికీ నంబరు బదులు ఒక పేరుండాలి. ‘వెన్నెల’ గది తాళం అడిగితే ‘మానేరు’ గది తాళం ఇచ్చి, రెండంతస్తులు ఎక్కి దిగాక మార్చి ఇస్తారు. ఆ అనుభవం నంబర్లున్న లాడ్జిలో దొరకదు. ఎంపిక మాత్రం ఫొటో చూసే జరగాలి. ఫోన్ చేసి అడిగితే అవతలి మనిషి నిజం చెప్పే ప్రమాదం ఉంది. ఫొటోలో ఒక గోడకు సున్నం లేకుండా ఎర్ర ఇటుక కనబడాలి, పైనుంచి తాళ్లకు పసుపు బల్బులు వేలాడాలి, మంచం పక్కనే అద్దాల గోడ వెనక స్నానాల గది ఉండాలి. ఆ గోడకు పరదా ఉందా అని అడక్కండి, వెంట అత్తగారు వస్తున్నా సరే. బకెట్టూ మగ్గూ కనబడిన ఫొటో వెంటనే మూసెయ్యండి.

కాలాన్ని బట్టి గది మారాలి. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో నాలుగైదు డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. గిన్నెధరి, సిర్పూర్(యు) లాంటి ఊళ్ల పేర్లు పేపర్లో పడేది అప్పుడే. ఆ రోజుల్లో సోలార్ హీటరు మాత్రమే ఉన్న, పైకప్పు లేని స్నానాల గది తీసుకోండి. మేలో వెళ్తే మట్టుకు పడమటి వైపు నేల నుంచి కప్పు దాకా గాజు బిగించిన గది. 45 డిగ్రీల ఊళ్లో దాన్ని ‘సన్‌సెట్ సూట్’ అని రెండు వేలు ఎక్కువకు ఇస్తారు. సూర్యుడు ఆరున్నరకు దిగిపోతాడు, గోడ మాత్రం రాత్రి పదకొండుకు దిగుతుంది.

లాబీలోకి అడుగుపెట్టగానే రిసెప్షన్ బల్ల మీద అరచెయ్యి ఆనించి రాయి ఎక్కడిదని అడగండి. ‘ఇటలీది సార్’ అంటే ఉండండి. ‘మన దగ్గర్దే సార్, టాన్ బ్రౌన్’ అంటే మొహం చిట్లించండి. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలు కోసి, దిమ్మెలు లారీలకెక్కించి, ఓడల మీద చైనా దాకా పంపిస్తుంటే, ఎక్కడెక్కడి వంటగదుల్లోనో ఆ గోధుమరంగు రాయి గట్లై పరుచుకుంటుంటే, ఇక్కడి హోటల్లో ఇక్కడి రాయి వెయ్యడమంటే యజమానికి ప్రపంచం తెలియదన్నమాట. ఊరి రాయి ఊరు దాటిపోవాలి, ఊళ్లోకి పైరాయి రావాలి. గుట్ట ఉండాల్సిన చోట నీళ్లు నిండిన గుంత కనబడితే ‘ఇన్ఫినిటీ పూల్’ అని పిల్లలకు చెప్పండి, కానీ దిగనివ్వకండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ‘లోకల్ టచ్’. అంటే ఊళ్లోని పనివాళ్ల దగ్గరికి మీరు వెళ్లే అవసరం లేకుండా, వాళ్ల పనిలాంటిది హోటలు గోడకు తగిలించడం. కరీంనగర్ వెండి నగిషీనే తీసుకోండి. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెండి కడ్డీని చిల్లుల పలకలోంచి లాగి లాగి వెంట్రుకంత తీగ చేస్తారు, రెండు తీగలు కలిపి పేనుతారు, ఆ పేటను పట్టుకారుతో వంచి, సుడులు తిప్పి, మందపాటి తీగతో కట్టిన చట్రంలో ఒక్కొక్కటే ఇరికించి, కరగకుండా టంకం పెడతారు. ఒక పాన్‌దాన్ మూతకు ఎన్ని సుడులు పడతాయో కూర్చుని చూస్తే మీ పూటంతా అక్కడే పోతుంది. అదే మంచి హోటల్లో అయితే ఆ నమూనాను ప్లాస్టిక్ జాలీగా అచ్చుపోయించి, వెండిరంగు కొట్టించి, ఏసీ మిషను కనబడకుండా అడ్డం పెడతారు. పూట మిగిలినట్టే. దుమ్ము కూడా అందులోనే నిలుస్తుంది, బయటికి రాదు.

నిర్మల్ బొమ్మలది ఇంకో తరహా. పునికి చెక్క తేలిక. నకాషీ వాళ్లు దాన్ని చెక్కి, చింతగింజల ముద్దా రంపపు పొట్టూ కలిపి అతుకులు మూసి, రంగులేసి, మెరుగు పెట్టారంటే జామకాయ జామకాయలాగే, సీతాఫలం సీతాఫలంలాగే ఉంటుంది. తెలివైన మేనేజరు దీన్ని స్వాగత ఫలహారంగా బల్ల మీద పెట్టిస్తాడు. చెడదు, ఈగలు వాలవు, గది ఖాళీ అయ్యాక వచ్చినవాళ్లకూ పనికొస్తుంది. రాత్రి ఆకలేసి చీకట్లో చెయ్యి చాచేవాళ్లు దంతవైద్యుడి నంబరు ముందే తీసిపెట్టుకోవాలి. బొమ్మ అసలుదా, అచ్చుపోసినదా తేల్చడానికి మాత్రం కొరకడమొక్కటే దారి కాదు. నిర్మల్ వెళ్లి చెక్కుతుండగా చూడటం ఇంకో దారి. అది కూడదనే కదా ఇంత వ్యవహారం.

ఆదిలాబాద్ డోక్రా సంగతీ అంతే. ఓజా కుటుంబాలు మైనంతో బొమ్మ అల్లి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. ఒక అచ్చుకు ఒకే బొమ్మ, మట్టి పగలగొడితే గాని బయటికి రాదు. 2018లో దీనికీ గుర్తింపు దక్కింది. ఒకే అచ్చులో కావలసినన్ని పోయించి ప్రతి బాత్రూం తలుపుకీ బిగిస్తే హోటలంతా ఒక్క పద్ధతిలో ఉంటుంది. ఏది ఆడవాళ్లదో ఏది మగవాళ్లదో తెలియక అతిథులు కాసేపు నిలబడి బొమ్మను తేరిపారా చూస్తారు. కళను ఆదరించడమంటే అదే.

‘లేక్ వ్యూ’ అని రాసి ఉంటే ఏ నెల ఫొటో అని అడగొద్దు. దిగువ మానేరు డ్యాములో 24 టీఎంసీలు పడతాయని పుస్తకాల్లో ఉంది కాబట్టి ఎండాకాలంలోనూ ఉన్నట్టే. 2023లో తెరిచిన తీగల వంతెన రంగు లైట్లు బాల్కనీలోంచి కనబడితే చాలు. ఆదివారం సాయంత్రం ఊరంతా అక్కడికి చేరి మొక్కజొన్న పొత్తులు తింటుంది, మీరు వెళ్లక్కర్లేదు. ఎలగందుల కోట కూడా వదిలెయ్యండి. కాకతీయుల నుంచి అసఫ్‌జాహీల దాకా ఇంతమంది ఏలారు, ఒక్కరూ లిఫ్టు పెట్టించలేదు.

తేదీ ఎంచుకునేటప్పుడు పంచాంగం చూసి, ముహూర్తాలు దట్టంగా ఉన్న వారమే పట్టుకోండి. ఊళ్లో ఉన్న ప్రతి ఏసీ గదీ మగపెళ్లివారి చేతిలో ఉంటుంది కాబట్టి మిగిలినదే మీకు రాసిపెట్టి ఉన్న గది. ఫంక్షన్ హాలు వైపు కిటికీ ఉండేలా చూసుకోండి. బరాత్ వస్తుందని డీజే మీకే ముందు చెబుతుంది, తీన్‌మార్ దెబ్బకు బల్ల మీద నిర్మల్ సీతాఫలం కూడా ఆడుతుంది. ‘ప్రశాంత వాతావరణం’ అని వెబ్‌సైట్లో రాసినాయన పొరపాటేమీ పడలేదు, ఆ రోజు ముహూర్తం లేదు. ఇంకా రద్దీ కావాలంటే మేడారం జాతర ఏడు రండి. సమ్మక్క దగ్గరికి పోయేముందు రాజన్నను చూసుకోవడం ఇక్కడ చాలామందికి ఆనవాయితీ. వేములవాడలో కోడెను కట్టడానికి వచ్చినవాళ్లు గుడి వసతి గది దొరికితే అందులో, లేకుంటే ఆరుబయట చాప మీద, పిల్లల్ని మధ్యలో వేసుకుని హాయిగా నిద్రపోతారు. వాళ్లను చూసి జాలిపడి, మీ సన్‌సెట్ సూట్‌కు వచ్చి, తెల్లవార్లూ రిమోట్ నొక్కుతూ కూర్చోండి.

పొద్దున్నే ఉచిత అల్పాహారం ఎనిమిదింటికి మొదలవుతుంది. ఏడింటికే హోటలు ఎదురుగా బండి మీద ఇడ్లీలు దిగుతాయి, పక్కసందులో ఎవరింట్లోనో సర్వపిండి కాలుతున్న వాసన వస్తుంది. ముక్కు మూసుకోండి. ఎనిమిదింటికి కిందికి వెళ్లి అవకాడో టోస్ట్ అడగండి. ‘అవకాడో లేదు సార్, ఆమ్లెట్ ఉన్నది’ అంటాడు కుర్రాడు. నిరాశగా తల ఊపి ఆమ్లెట్టే తినండి. జొన్నరొట్టె కావాలని మాత్రం నోరు జారొద్దు. ‘మా ఇంట్ల చేస్తరు సార్, తెమ్మంటరా?’ అని అన్నా అంటాడు, ఇక మీ సెలవులోకి అతని ఇల్లు కూడా వచ్చి చేరుతుంది.

బొటిక్ సెలవుకి అసలు గండం చుట్టాలు. కరీంనగర్లో మీ మేనత్త లేకపోతే మేనత్త ఆడబిడ్డ ఉంటుంది. టవర్ సర్కిల్ వైపు పోకండి, గీతాభవన్ చౌరస్తాలో కారు అద్దం దించకండి. అయినా సాయంత్రానికి తెలిసిపోతుంది, ఎందుకంటే హోటలుకు పాలు పోసేవాళ్లో, పెండ్లి గదులు రాయించినవాళ్లో ఎవరో ఒకరు మీ మామకు దోస్తు. ఫోన్ వస్తుంది.

‘ఏం బిడ్డా, కరీంనగరం అచ్చి లాడ్జిల దిగినవట? ఇల్లుండంగ గదేం పాపం?’

‘లాడ్జి కాదత్తా, బొటిక్ హోటల్.’

‘ఎంత?’

‘రాత్రికి ఆరు వేలు.’

కాసేపు అటునుంచి టీవీ చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ‘గా పైసలకు యాటపిల్ల అస్తది గదరా,’ అంటుంది అత్త. ఈ వాదనకు జవాబు లేదు, వెతక్కండి. ‘మీటింగుంది’ అని పెట్టెయ్యండి. అరగంటలో మామ స్కూటీ మీద సకినాల డబ్బా, మక్క గారెలు పట్టుకుని గేటు దగ్గర ఉంటాడు. ‘బయటి తినుబండారాలు తేరాదు’ అన్న బోర్డు సెక్యూరిటీ ఆయనకు చూపించబోతే ఆయనే మామకు కుర్చీ వేస్తాడు, ఇద్దరిదీ ఒకే ఊరు. సకినాలు అప్పటికే పంపకమై ఉంటాయి.

ఆదిలాబాద్ అడవుల వైపు వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ సరైన హోటలు చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి చరిత్రలోనే ఉదాహరణ ఉంది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1940లలో నిజాం రాజ్యంలోని ఈ ప్రాంతానికి వచ్చి, మార్లవాయి అనే గోండు గూడెంలో ఒక గుడిసె వేసుకున్నారు. అటాచ్డ్ బాత్రూం లేదు, వ్యూ గురించి ఎవరూ హామీ ఇవ్వలేదు. ఎర్ర ఇటుక గోడ ఉన్న గదిలో దిగి ఉంటే రెండు రాత్రుల్లో ఫొటోలు తీసుకుని తిరిగిపోయేవారు. అలా చెయ్యలేదు కాబట్టి గోండుల మాట నేర్చుకోవాల్సి వచ్చింది, వాళ్ల భూముల గొడవల్లో తలదూర్చాల్సి వచ్చింది, పుస్తకాలు రాయాల్సి వచ్చింది. కెస్లాపూర్ నాగోబా జాతరలో ఈనాటికీ జరిగే దర్బారు ఆయన పూనికతో మొదలైనదే. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఒక్క తప్పు బుకింగు మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి.

ఆ జాతరకే మెస్రం వంశీయులు గోదావరి నీళ్లు మోసుకుని నడిచొచ్చి, కెస్లాపూర్లో మర్రిచెట్ల కింద బస చేస్తారు. దీపావళి రోజుల్లో దండారి జట్లు నెమలీకల కిరీటాలు పెట్టుకున్న గుస్సాడీలతో ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి అతిథులుగా పోతాయి, జట్టెంతమందైనా ఆ ఊరే వండి పెడుతుంది, ఆ ఊరే పడుకోబెడుతుంది. మార్లవాయి మనిషి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ గుస్సాడీ ఆటకే. ఇందులో ముందస్తు అడ్వాన్సు లేదు, క్యాన్సిలేషన్ నిబంధన లేదు, ఉప్పుకూ నీళ్లకూ వేరే బిల్లు లేదు. ఇలాంటి పద్ధతిలో వ్యాపారం ఎలా నడుస్తుంది? మీరు మీ హోటలు లాబీలో తగిలించిన నెమలీకల కిరీటం పక్కన నిలబడి సెల్ఫీ తీసుకోండి. దాన్ని తల మీద పెట్టుకోవద్దు. గుస్సాడీలు ఆ రోజులన్నీ స్నానం మానేసి నియమంగా ఉంటారు, మీకు రెయిన్ షవర్ ఉంది.

కుంతాల జలపాతం చూడాలనుకుంటే మే నెలే మంచిది. కడెం వాగు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే వానాకాలంలో పార్కింగు దొరకదు. మేలో నాలుగొందల దాకా మెట్లు మీ ఒక్కరివే, బండమీద సన్నగా జారే నీళ్లు కూడా మీ ఒక్కరివే.

గది ఖాళీ చేసే వేళ గురించి లాడ్జివాళ్ల మాట వినకండి. వాళ్లది ఇరవై నాలుగ్గంటల లెక్క, రాత్రి తొమ్మిదికి దిగితే మర్నాడు రాత్రి తొమ్మిది దాకా గది మీదే. బొటిక్ హోటల్లో మధ్యాహ్నం రెండుకు ఇచ్చి పొద్దున పదకొండుకు తీసుకుంటారు. మూడు గంటలు వదులుకోవడంలో ఒక హుందా ఉంది. రివ్యూ మాత్రం కారెక్కకముందే రాసెయ్యండి, దారిలో ఏదైనా చూస్తే అభిప్రాయం మారొచ్చు. ‘గది చాలా బాగుంది, ఊళ్లో చూడ్డానికే ఏమీ లేదు’ అని రాసి, నాలుగు నక్షత్రాలిచ్చి, స్నానాల గది ఫొటో జతచెయ్యండి. అద్దంలో మీరు కనబడకుండా తియ్యండి.