మూత తియ్యని పొగాకు

మనామా, బహ్రెయిన్

మావయ్య గారూ, మొన్న రాజోలు సంతలో మా అన్నయ్య కనిపిస్తే, పైపు ఒకటీ, అందులో వేసుకునే దొరల పొగాకు డబ్బా ఒకటీ పంపమని నాకు కబురు పెట్టారట. డాక్టరు గారు మానెయ్యమన్నది చుట్టనే గాని పైపుని కాదని కూడా సెలవిచ్చారట. ఆయ్, ఆ మాట డాక్టరు గారు విన్నారో లేదో తెలీదు గానండీ, అత్తయ్య గారు విన్నారు.

దొరల పొగాకు సంగతి అడగడానికి మీరు సరైన మనిషినే పట్టుకున్నారు. నన్ను ఇక్కడికి వంటకీ, ఇల్లు చూసుకోవడానికీ అని రప్పించారు. పేరుకే వంటండీ, అసలు ఉద్యోగం పొగాకు డబ్బాలకి కాపలా. మా దొర ఇంగ్లండు మనిషి. రిటైరయ్యాక కూడా ఈ ఊరు వదలలేక ఉండిపోయాడు. ఆయన ఇంట్లో కిటికీ లేని గది ఒకటుంది. మనింట్లో అయితే దేవుడి గది చేసేవాళ్లం. అందులో గోడకి గోడంతా చెక్క అరలు, అరల నిండా అరచేతిలో పట్టే గుండ్రటి రేకు డబ్బాలు. ఒక్కోదాంట్లో యాభై గ్రాములు. అడుగున చీటీ, చీటీ మీద కొన్న తారీఖు. అవి కాక ఒక చిట్టా పుస్తకం. మన కరణాలు కూడా భూములకి అంత శ్రద్ధగా లెక్కలు రాసి ఉండరు.

నా గదిలో ఏసీ చెడిపోతే మిస్త్రీ ఎప్పుడొస్తాడో దేవుడికెరుక. ఆ గదిలో ఏసీ చిన్న గురక పెట్టిందంటే దొర సబ్బు నురగతోనే స్నానాలగదిలోంచి పరుగెత్తుకొస్తాడు. వేడి తగలకూడదు, వెలుతురు పడకూడదు, పోనీ ఫ్రిజ్జులో పెడదామా అంటే అదీ కూడదట. ఇక్కడి సముద్రపు గాలికి రేకు తుప్పు పడుతుంది. తుప్పుతో సూది మొనంత చిల్లు పడినా లోపల ఆకు ఎండి పొడైపోతుంది. అందుకని నేను వారం వారం ఒక్కో డబ్బానీ పొడిగుడ్డతో తుడిచి, చెవి దగ్గర పెట్టి ఊపి, మూత ఉబ్బిందేమో చూసి మళ్లీ అరలో పెట్టాలి. మూత ఉబ్బితే దొరకి పండగ! లోపల ఆకు పులుస్తోందట, ఆ గాలికి మూత పైకి లేస్తుందట.

ఇన్ని డబ్బాలున్నాయి కదా, రోజుకి ఎన్ని పైపులు లాగుతాడో అనుకుంటున్నారు కదూ? ఆదివారం సాయంత్రం ఒక్కటంటే ఒక్కటి. అదీ ఎప్పుడో మూత తీసి గాజు సీసాలోకి మార్చుకున్న పొగాకులోంచే. గదిలో ఉన్నవాటిని ముట్టుకోడు. ఎందుకండీ అంటే, "ఇంకా ముదరలేదు" అంటాడు.

ఆ ముదరడమేమిటో చెబుతాను. వర్జీనియా పొగాకులో చక్కెర పాలెక్కువ. గాలి చొరబడకుండా డబ్బాలో బిగించి ఏళ్ల తరబడి వదిలేస్తే, లోపల మిగిలిన కాస్త గాలితో, కంటికి కనబడని సూక్ష్మజీవులతో అది నెమ్మదిగా మారుతుంది. రంగు ముదురుతుంది, నాలుక మీద మంట తగ్గుతుంది, తియ్యదనం వస్తుంది. ఒక్కోసారి ఆకు మీద పంచదార పలుకుల్లాంటివి మెరుస్తాయి. అవి పలుకులా, బూజా అని తేల్చడానికి దొర భూతద్దం పట్టుకుని పూటంతా కూర్చుంటాడు. లటాకియా అని సైప్రస్ వైపు నుంచి వచ్చే ఇంకో రకముంది, దాన్ని పుల్లల పొగలో ఆరబెడతారు. దానికి ముసలితనం వస్తే ఘాటు చచ్చి సాధువైపోతుంది. చెర్రీ, వెనిల్లా వాసనలు కలిపినవి ఎన్నాళ్లు దాచినా ఒరిగేదేం లేదట. మొత్తమ్మీద మా అత్తయ్య గారి ఆవకాయ శాస్త్రమేనండీ: తడి చెయ్యి పెట్టకు, మాటిమాటికి మూత తియ్యకు, ఊరేదాకా ఆగు. ఒకటే తేడా, అత్తయ్య గారి ఆవకాయ మనం తింటాం.

ఇంకో తమాషా. 2018లో అమెరికాలో కాన్సాస్ సిటీలో మెక్‌లెల్లండ్ అనే పొగాకు కంపెనీ మూతపడింది. వాళ్ల వర్జీనియా డబ్బా మూత తీస్తే టమాటా సాస్ వాసన వస్తుందని ప్రపంచమంతా పేరు. అదే ఏడు డన్‌హిల్ డబ్బాలూ ఆగిపోయాయి. వాటిలో కొన్ని రకాలు తర్వాత పీటర్సన్ పేరుతో వచ్చాయి గాని, మా దొర వాటిని సవతి పిల్లల్లా చూస్తాడు. కంపెనీ పోయేసరికి పాత డబ్బాల రేట్లు పెరిగాయి. ఇప్పుడు చూడండి ఆయన అవస్థ! కొన్న కొత్తలో ముదరలేదని తియ్యలేదు. ముదిరాక రేటు పెరిగిందని తియ్యలేదు. ఇప్పుడేమో మళ్లీ దొరకవని తియ్యడం లేదు.

నాది గోదావరి లంకల పక్క ఊరని తెలిసిన రోజున మాత్రం ఆయన కుర్చీలోంచి లేచి నాకు చెయ్యిచ్చాడు. చర్చిల్ మన లంక చుట్టే కాల్చాడని మీరు అరుగు మీద చెప్పే కథకి నాకు ఇంతవరకూ సాక్ష్యం దొరకలేదు గాని మావయ్య గారూ, అంతకంటే గట్టివాడే దొరికాడు. షెర్లాక్ హోమ్స్ పుస్తకం ఒకటుంది, 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్'. అందులో హోమ్స్, తాను నూటనలభై రకాల పొగాకు బూడిదల మీద పుస్తకం రాశానని గొప్పలు పోతూ, హంతకుడు కాల్చింది లంక చుట్ట అని బూడిద చూసి తేల్చితే అనుమానితుల జాబితా ఎంత తగ్గుతుందో అంటాడు. సాక్షాత్తూ మన లంక చుట్టేనండీ! లండన్‌లో అంత పరువున్న సరుకుని మీరు చెవి మీద దోపుకుని కొబ్బరితోట చుట్టూ తిరుగుతున్నారు.

అక్కడ నాకు పౌరుషం వచ్చింది. వరద తీశాక ఒండ్రులో నాటిన పొగాకుని మనవాళ్లు కోసి, వేలాడదీసి ఆరబెట్టి, మండె కట్టి, వేడెక్కినప్పుడల్లా తిరగేసి ఎలా పదును పెడతారో దొరకి అరగంట చెప్పాను. రాజమండ్రిలో పొగాకు మీద పరిశోధన చెయ్యడానికి 1947లోనే కేంద్ర సంస్థ పెట్టారని చెప్పాను. ఆయన ప్రాణంగా దాచుకునే ఆ వర్జీనియా రకాన్ని జంగారెడ్డిగూడెం, దేవరపల్లి రైతులు బ్యారన్లలో పదును చేసి వేలంలో అమ్ముతారని కూడా చెప్పాను. 1986 వరదలో మా తాతగారు ముందు పొగాకు కట్టని అటకెక్కించి, ఆ తర్వాత నాయనమ్మని ఎక్కించారని చెబితే, "సరైన వరస" అన్నాడు. ఆ మాట నాయనమ్మకి మాత్రం చేరనివ్వకండి.

శ్రీకాకుళం వైపు ముసలమ్మలు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారంటే మాత్రం నమ్మలేదు. కోతలు కోస్తున్నాననుకున్నాడు. ఆ అలవాటు వల్ల అంగిట్లో కేన్సరు వస్తుందని డాక్టర్లు రాసిన వ్యాసం చూసుకున్నాక గాని దిగిరాలేదు. ఆ రోజు సాయంత్రం ఆయన పైపు వెలిగించలేదు. వట్టి పైపే నోట్లో పెట్టుకుని సముద్రం కేసి చూస్తూ కూర్చున్నాడు. నిజానికి వారంలో ఆరు రోజులు ఆయన చేసేది అదే.

అదిగో, అప్పుడే నాకు మీరు గుర్తొచ్చారు. ఈయన పొగాకు కోసం ఇంత డబ్బు పోసి, ఇంత చదువు చదివి, దాదాపు తాగకుండానే బతికేస్తున్నాడు. మీరేమో మూడు సంక్రాంతుల నుంచి రేపు మానేస్తానంటున్నారు. మానెయ్యమంటే మీకు కోపం. ముదరబెట్టమంటే? అందులో హోదా ఉంది.

కాబట్టి డబ్బా పంపడం లేదు. మన విమానాశ్రయంలో సుంకం లేకుండా 125 గ్రాముల పొగాకే తేనిస్తారు. అంటే రెండున్నర డబ్బాలు. ఆ సగం డబ్బా కోసం కస్టమ్స్ వాళ్లతో నేను వాదించలేను. పైపు మాత్రం మా ఊరి కుర్రాడొకడు వస్తుంటే అతని చేత పంపుతున్నాను. మంచి సరుకు, దొర వాడి పక్కన పెట్టింది, వేణ్ణీళ్లతో కడిగించాను.

మీరు చెయ్యవలసింది ఇదీ. అటక మీదున్న లంక పొగాకు కట్టలన్నీ దించండి. అడుగున దాచినది కూడానండీ, మాకు తెలుసు. పింగాణీ జాడీ ఒకటి కడిగి, ఎండలో పెట్టి, పొడి చేత్తో అందులో సర్దండి. మూతకి గుడ్డ చుట్టి వాసెన కట్టండి. పైన చీటీ మీద ఇవాళ్టి తారీఖు రాసి, దాని కింద 2035 అని రాయండి. అంతకుముందు తీస్తే సరుకు పాడైపోతుంది. ఎవరైనా అడిగితే "ముదరబెడుతున్నాం" అనండి. అరుగు మీద పైపు నోట్లో పెట్టుకుని కూర్చుంటే రాజోలు మొత్తం మీ ముందు చేతులు కట్టుకుంటుంది. వెలిగించారా లేదా అని ఎవరూ చూడరు.

జాడీ పెట్టాల్సిన బీరువా ఏదో అత్తయ్య గారికి నిన్ననే ఫోనులో చెప్పాను. తాళంచెవి ఆవిడ కొంగున ముడేసుకున్నారట.

ఇట్లు,
మీ మేనల్లుడు