36 క్లిక్కుల మోక్షం

ఫిల్ము కెమెరా పడితే మనిషికి ఓర్పు అబ్బుతుందట. డిజిటల్ చేతిలో ఉన్నవాడు లెక్కాపత్రం లేకుండా నొక్కిపారేస్తాడు. రీల్లో ఉన్నవి 36 మాత్రమే కాబట్టి ఫిల్మువాడు ఆచితూచి నొక్కుతాడు. ఆచితూచి నొక్కేవాడు ఆచితూచి చూస్తాడు, అలా చూడగా చూడగా వీధి తన గుట్టంతా అతనికి విప్పి చెబుతుంది. పూర్వం ఇలాంటి సిద్ధి కోసం అడవులకు పోయి ఆకులలములు తినాల్సి వచ్చేది. ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున క్యాబ్‌లో చార్మినార్ దగ్గర దిగి, ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచుకుంటే చాలు.

ఈ ఫొటోవాక్‌లకు వచ్చేవాళ్లంతా మంచి పిల్లలే. నల్ల టీషర్టు, భుజాన గుడ్డ సంచి, మణికట్టుకు తాడు, తాడు చివర కెమెరా. అది చిన్నదై ఉండాలి. పెద్ద కెమెరా జనాన్ని బెదరగొడుతుంది, చిన్నది జనంలో కలిసిపోతుంది అన్నది సిద్ధాంతం. ఈ మతంలో సామాన్యుడి దేవుడు ఒలింపస్ మ్యూ-2. 1997లో వచ్చిన ప్లాస్టిక్ సబ్బుపెట్టె. సెలవులకు షికారెళ్లే కుటుంబాల కోసం జపాన్‌వాళ్లు చేశారు. డబ్బున్నవాడి దేవుడు కాంటాక్స్ టీ-2. 1990 నాటిది, ఒళ్లంతా టైటానియం, కంటికి కార్ల్ జైస్ లెన్సు. 2017లో కెండల్ జెన్నర్ అనే అమెరికన్ మోడల్ జిమ్మీ ఫాలన్ టీవీ షోకి దీన్ని వెంట తెచ్చుకుంది. అప్పుడు ఎగిరిన ధర మళ్లీ నేల మీదికి రాలేదు. దాన్ని తయారుచేసిన క్యోసెరా కంపెనీ 2005లోనే కాంటాక్స్ దుకాణం కట్టేసింది. లోపల ఏ పట్టీ తెగినా బాగుచేసే నాథుడి కోసం దేశాలు వెతకాలి. సర్వం అనిత్యం అని తెలుసుకోవడానికి ఇంతకంటే ఖరీదైన దారి నాకు కనబడలేదు.

సరే, ఆ ఓర్పు కెమెరాలో ఎక్కడుందో వెతుకుదాం. మ్యూ-2లో ఫోకస్ కెమెరాదే, వెలుతురు లెక్క కెమెరాదే, షట్టరు వేగమూ కెమెరాదే. రీలు ఎంత స్పీడుదో కూడా దాని ఒంటి మీది కోడు చదివి అదే తెలుసుకుంటుంది, మనిషిని అడగదు. మనిషికి మిగిలిన పనల్లా మూత జరపడం, మీట నొక్కడం. అందులోనూ ఒక చిక్కుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఫ్లాష్ తనంతట తాను ఆటోలోకి వచ్చి కూర్చుంటుంది. ఆ సంగతి మరిచిన సాధకుడు పత్థర్‌గట్టీ అరుగు మీద పడుకున్న మనిషికి తెల్లవారకముందే ముఖాన తెల్లవారుస్తాడు. ఇక 36వది పడగానే మోటారు రీలు మొత్తాన్ని వెనక్కి చుట్టడం మొదలుపెడుతుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. జనంలో కలిసిపోయినవాడి చుట్టూ జనం పోగవుతారు.

‘కానీ ఆ రంగులు!’ అంటారు. రంగులు బాగుంటాయి, కాదనను. కలర్ నెగెటివ్ పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూడండి. నారింజ ముసుగు కింద అన్నీ తారుమారుగా ఉంటాయి. దాన్ని తిరగేసి, చర్మాన్ని చర్మంలా, ఆకాశాన్ని ఆకాశంలా చేసేది ల్యాబులో ఉన్న ఫ్యూజీ ఫ్రాంటియరో నోరిట్సు స్కానరో, దాని ముందు కూర్చున్న ఆపరేటరో. కుర్రాడు ‘నా టోన్స్’ అని చెప్పుకునేవాటిలో సగం ఆ ఆపరేటరువి. ఆయన ఓర్పును పొగుడుతూ ఎవరూ పోస్టు పెట్టలేదు. స్కానయ్యాక అదీ ఒక జేపెగ్ ఫైలే. ఏ ఫోను మీద అలిగి ఇల్లు విడిచిందో ఆ ఫోనులోకే చేరుతుంది.

పాత మహానుభావుల పేర్లు కూడా ఈ భజనలో వినిపిస్తుంటాయి. వాళ్ల లెక్కలు చూస్తే భజన ఆగిపోతుంది. న్యూయార్కు వీధుల్ని తీసి పేరు తెచ్చుకున్న గ్యారీ వినోగ్రాండ్ 1984లో పోయేనాటికి కడగని రీళ్లే సుమారు 2,500 మిగిల్చాడు. రీలుకు 36 చొప్పున 90,000 ఫొటోలు, తీసినవాడే కంటితో చూసుకోనివి. రాబర్ట్ ఫ్రాంక్ 1955, 56లలో అమెరికా అంతా కారులో తిరిగి దాదాపు 28,000 నొక్కి, పుస్తకంలో 83 ఉంచాడు. ఆచితూచడం మీట దగ్గర జరగలేదు, ఏరే బల్ల దగ్గర జరిగింది. మన కుర్రాడు 36 నొక్కి 34 పెడతాడు. మిగతా రెండింటిలో వేలు అడ్డమొచ్చింది. వాటిని మర్నాడు ‘పొరపాట్లలోని అందం’ అని పెడతాడు. ఇక మన రఘు రాయ్, ఫిల్ముతోనే పేరు తెచ్చుకున్న మనిషి, 2003లో డిజిటల్ పట్టుకున్నాక మళ్లీ ఫిల్ము వైపు పోలేకపోయానని చెప్పుకున్నాడు. ఆయనకి ఓర్పు తక్కువని ఎవరైనా వెళ్లి చెప్పిరండి.

నిజానికి 36 అనే అంకె మనవాళ్లకి కొత్తేం కాదు. యాషికా ఎంఎఫ్-2లూ కొడాక్ కేబీ-10లూ బీరువాలో పట్టుచీరల మధ్య దాక్కునే రోజుల్లో ఒక్క రీల్లో పుట్టినరోజు, శ్రీశైలం, చిన్నాన్న నిశ్చితార్థం సర్దాలి. చివర రెండు మిగిలితే పెరట్లో ఆవుని ఒకటి, గోడగడియారాన్ని ఒకటి తీసి కడగడానికి ఇచ్చేవాళ్లు. పెళ్లిలో పిల్లల గోల పడలేక ఫొటోగ్రాఫరు ఉత్త ఫ్లాష్ కొట్టి పంపేసేవాడు. దీన్నెవరూ సాధన అనలేదు, ‘రీలు ఖరీదురా’ అన్నారు. ఊటీలో కేంద్ర ప్రభుత్వం 1960లో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టి ‘ఇందు’ పేరుతో మన రీళ్లు మనకే చేయించింది. అది నష్టాల్లో కూరుకుని మూతపడుతుంటే ధ్యానం చేసుకోవడానికి ఒక్కరూ రాలేదు. అప్పుడు డబ్బుల్లేక చేసిన పొదుపును ఇప్పుడు డబ్బులు పోసి కొనుక్కుంటున్నారు.

ఇదంతా సరదా. ఎవడి డబ్బు వాడిష్టం. నాకు ఒళ్లు మండేది ‘ఫిల్ము ఎదుటి మనిషిని గౌరవిస్తుంది’ అన్నప్పుడు. లాడ్ బజార్‌లో ఆ గౌరవం ఎలా నడుస్తుందో చూశాను. దుకాణం ముందు ఒక పెద్దాయన బొగ్గుల కుంపటి మీద లక్క గాజును వేడి చేసి, అది మెత్తగా ఉండగానే అద్దపు రాళ్లు ఒక్కొక్కటే పొదుగుతున్నాడు. తల తిప్పితే లక్క గట్టిపడుతుంది. ఒక కుర్రాడు మూరెడు దూరంలోకి వచ్చి నొక్కాడు. టిక్కు, వెనకాలే మోటారు రొద. ఆయన తలెత్తాడు.

“దిఖావో బేటా.”

“ఇందులో కనబడదు అంకుల్. ఫిల్ము.”

“ఖరాబైందా?”

“లేదంకుల్, ఇదింతే. రీలు కడిగించాలి.”

“ఎప్పుడొస్తది?”

“ముందు రీలు అయిపోవాలి కదా... మూడు నాలుగు వారాలు.”

“అయినంక తెచ్చిస్తవా?”

కుర్రాడు నవ్వి గుల్జార్ హౌజ్ వైపు సాగిపోయాడు. పెద్దాయన గాజును మళ్లీ కుంపటి మీద పెట్టుకున్నాడు.

ఎనిమిది వేల ఫోనున్నవాడైనా తెర తిప్పి చూపిస్తాడు. ఆయన చూసుకుంటాడు, బాగుంటే మీసం దువ్వుతాడు, బాగా రాకపోతే తీసెయ్యమంటాడు. ఆ ‘తీసెయ్’ అన్న మాటకు ఫిల్ములో చోటే లేదు. ఆయన ముఖం ఎలా వచ్చిందో చూసే అవకాశం కుర్రాడి రెండు వేల మంది ఫాలోవర్లకు ఉంటుంది, ఆయనకు తప్ప. సొమ్మొకడిది, సోకొకడిది.

పైగా ఈ వీధి ఎప్పుడూ లాడ్ బజారే, బేగంబజారే, మోండా మార్కెట్టే. వైజాగ్ వెళితే ఫిషింగ్ హార్బరు. కుర్రాడు ఉండే కోకాపేటలో మనుషులు నడవరా? సాయంత్రం ఆరు దాటాక ముప్ఫై అంతస్తుల నీడ వాకింగ్ ట్రాక్ మీద ఎంత బాగా పడుతుందో. వైస్ ప్రెసిడెంటుగారు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని గాలితో దెబ్బలాడుతూ పోతుంటారు. బ్యాడ్మింటన్ కోర్టు ఎవరు ముందు బుక్ చేశారని ఇద్దరు డైరెక్టర్లు చొక్కాలు పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటారు. కుక్కను పట్టుకుని పనిపిల్ల, పనిపిల్లను లాక్కుంటూ కుక్క. అసలు సిసలు వీధి! అక్కడ మ్యూ-2 తీసి ఒక్క ముఖం మీద ఫ్లాష్ కొట్టమనండి. సెక్యూరిటీవాళ్లు పరిగెత్తుకొస్తారు, వాట్సాప్ గ్రూపు భగ్గుమంటుంది, రాత్రి భోజనాల వేళకి అసోసియేషన్ సెక్రటరీగారి సర్క్యులర్. ‘పిల్లలు ఆడుకునే చోట ఎవడో ఫొటోలు తీస్తున్నాడు.’ పాతబస్తీలో పిల్లలు ఆడుకోరా అంటే, ఆడుకుంటారు. ఆ ఫొటోకి ‘బాల్యం’ అని పేరు పెడతారు.

ఇదే ఊళ్లో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ 1892లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల ఫొటోలు తీసేదీ ఆడమనిషే. ఎలా కనబడాలో, ఎవరికి కనబడాలో కూర్చున్నవాళ్లు తేల్చుకునేవారు. గాజు పలకల కాలం కాబట్టి నిదానమూ దానంతటదే ఉంది, ఎవరూ దాని గురించి ఉపన్యాసాలివ్వలేదు. ఖర్చు పెట్టగల ఇళ్లవాళ్లకే ఆ మర్యాద దక్కిందనుకోండి. నూట ముప్ఫై ఏళ్లు గడిచాయి, ఇప్పటికీ వాళ్లకే దక్కుతోంది.

చేతిలో నెగెటివ్ ఉందిగదా, వస్తువంటే అంత ప్రేమ గదా, ఒక ప్రింటు వేయించి మనిషికి ఇచ్చిరావచ్చు కదా అని ఫొటోవాక్ నడిపించే ఒకాయన్ని అడిగాను. పాత ల్యాబుల లెక్కలో ఒక మ్యాక్సీ సైజు ప్రింటు. చాయ్ బిస్కట్ కంటే పెద్ద ఖర్చేం కాదు. ఆయన కంగారుపడ్డాడు. “అమ్మో, అలవాటు చేస్తే పై వారం మమ్మల్ని చూడగానే నిలబడి పోజులిస్తారు సార్. క్యాండిడ్ మొత్తం పోతుంది.” అంటే వాళ్లకి తెలియకపోవడమే ఈ కళకి పెట్టుబడి.

ఆ గుంపులో ఒకమ్మాయి మాత్రం నా మాట విని, అబిడ్స్ పేవ్‌మెంటు మీద తాళంచెవులు చేసే ఆయనకి ప్రింటు తీసుకెళ్లింది. మంచి ఫొటో. పక్క నుంచి ఎండ పడి, ఆయన ముఖం సగం వెలుగులో సగం చీకట్లో ఉంది, చేతిలో ఆకురాయి. ఆయన దాన్ని చెయ్యంత దూరాన పట్టుకుని చాలాసేపు చూశాడు.

“సగం ముఖమే పడిందేందమ్మా?”

వెలుగునీడల గురించి అమ్మాయి వివరంగా చెప్పింది. ఆయన తలూపుతూ విన్నాడు.

“అది సరే. నా పెట్టె మీద ఫోన్ నంబరు రాసుంటది, అది రాలే. శనివారం రా, తెల్లంగి ఏసుకుంట. పెట్టె ఇట్ల తిప్పి పెడ్త. నువ్వు ఆ దిక్కు నిలబడు, ఎండ నెత్తి మీదికొచ్చినంక తియ్యి.”