నా జోడీ ఎవరు? – ఒక గ్రాఫిక్స్ కార్డు ఆత్మకథ

నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లందరూ మొదట అడిగేది ఒకటే: "ఎన్ని జీబీ?" ఆరు అని చెబితే మొహాలు వెలిగేవి. నా పక్కన ఏ ప్రాసెసర్ ఉంటుందని అడిగినవాళ్లు మాత్రం బహు తక్కువ. నా బతుకును అడుగడుగునా తేల్చింది ఆ అడగని ప్రశ్నే. అందుకే నా కథలో నాకంటే నా పక్కవాళ్ల సంగతే ఎక్కువగా ఉంటుంది.

నా పేరు జీఫోర్స్ జీటీఎక్స్ 1060. ఎన్విడియా కంపెనీ 2016 జులైలో మమ్మల్ని అంగట్లోకి తెచ్చింది. నా చిప్పు తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీలో 16 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. 200 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్క, దానిమీద 440 కోట్ల ట్రాన్సిస్టర్లు, 1,280 కోర్లు, చుట్టూ 6 జీబీ మెమరీ. తిండి 120 వాట్లు. చాలా ఏళ్లపాటు ప్రపంచంలో స్టీమ్ వాడే ఆటగాళ్ల కంప్యూటర్లలో అందరికంటే ఎక్కువగా కనిపించింది మేమే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

కంప్యూటర్ సామాన్లకు కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ సీటీసీ వైపు చూస్తారు. కడప వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డో, మద్రాసు రిచీ స్ట్రీటో అలవాటు. నేను ఎస్పీ రోడ్డు నుంచి రాత్రి బస్సులో, ఒక మనిషి ఒళ్లో కూర్చుని కడప చేరాను. ఆయనకు ఏడు రోడ్ల కూడలి దగ్గరి సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. హాల్ టికెట్లు, పరీక్షా ఫలితాలు, ఉద్యోగాల దరఖాస్తులు, ఇవే దాని ఆదాయం. 2016 సెప్టెంబరులో జియో వచ్చి అందరి చేతుల్లో ఇంటర్నెట్ పెట్టేసరికి ఆ కుర్చీలు ఖాళీ అయ్యాయి. నెట్ సెంటర్‌ను గేమింగ్ సెంటర్‌గా మారిస్తే పిల్లలు వస్తారని ఆయన ఆశ. పిల్లలంతా ఆయన్ను అన్నా అనే పిలిచేవారు, నేనూ అలాగే అంటాను.

అన్న నన్ను పెట్టిన కంప్యూటర్లో కోర్ ఐ3 2100 ఉంది. 2011లో వచ్చిన ప్రాసెసర్. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 3.1 గిగాహెర్ట్జ్ వేగం. అవసరం పడ్డప్పుడు ఆ పైకి ఎగబాకే టర్బో దానికి లేదు. దరఖాస్తులు నింపడానికి అదే ఎక్కువ. అన్న దాన్ని మార్చలేదు, ఉన్న డబ్బంతా నామీదే పెట్టాడు. ఆరోజు పిల్లలు నా చుట్టూ మూగి జీటీఏ 5 మొదలుపెట్టారు.

"అన్నా, ఇంత కొత్త కార్డు ఏసినావు గదా, ఊర్లో కారు తోల్తాంటే ఎక్కెక్కి పడతాండాదే!"

"ఇరవై వేల పైన పోసినాను రా దానికి. సరిగ్గా చూడు."

"చూస్తానే ఉండా న్నా. బయట కొండల్లో బాగనే పోతాంది. ఊర్లోకి వచ్చేకుందికి మళ్లీ అదే కత."

అన్న మొహం వాడిపోవడం చూశాను. అప్పు చేసి తెచ్చిన వస్తువు పనిచేయడం లేదనుకుంటున్న మనిషి మొహం అది. నేను పనికి సిద్ధంగానే ఉన్నాను. పనే నా దగ్గరికి రావడం లేదు.

ఆటలో మీకు కనిపించే ప్రతి ఫ్రేముకూ నేనూ ప్రాసెసరూ ఇద్దరం పని చేయాలి. ఏ కారు ఎటు తిరగాలి, ఏ మనిషి ఏ వీధి దాటాలి, తూటా ఎవరికి తగిలింది, గోడ ఎటు కూలాలి, ఇవన్నీ ప్రాసెసర్ లెక్కగట్టాలి. కట్టి, ఫలానా వస్తువును ఫలానా చోట గీయమని నాకు ఒక్కొక్కటిగా ఆదేశాలు పంపాలి. వెలుతురు, నీడ, రంగు, రాతి గరుకుదనం, నీటి మెరుపు నా పని. నేను ఒక ఫ్రేము గీస్తూ ఉండగానే అది తర్వాతి ఫ్రేముకు లెక్కలు వేస్తుంటుంది. కాబట్టి ఇద్దరిలో ఎవరు ఆలస్యమైతే ఆట వేగం వాళ్లదే. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లే వ్యవధి. నేను 8 మిల్లీసెకన్లలో ముగించినా, ప్రాసెసర్‌కు 25 పడితే తెరమీద వచ్చేది 40 ఫ్రేములే. మిగతా 17 మిల్లీసెకన్లు నేను ఖాళీగా కూర్చోవాలి. కొండల దారిలో జనమూ బండ్లూ తక్కువ, లెక్కలు తక్కువ, అందుకే అక్కడ ఆట సాఫీగా పోయింది. ఊరి నడిబొడ్డున ఐ3 రెండు కోర్లూ రొప్పుతున్నాయి.

ఉగాదికీ తిరునాళ్లకూ కర్నూలు, కడప పల్లెల్లో బండలాగుడు పందేలు జరుగుతాయి. అక్కడ ఎద్దుల్ని పళ్లను బట్టి వర్గాలు చేస్తారు, పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి అని. ఒకటి బలిష్ఠమైంది, ఒకటి లేతది కాడికి కడితే బండ లేతదాని నడకే నడుస్తుంది. బలమున్నది ఆగి ఆగి లాగాలి. జత కుదిరే ఎద్దు కోసం రైతు ఊళ్లు తిరిగేది అందుకే. ఆ పందేలు చూస్తూ పెరిగిన ఊళ్లలోనే కంప్యూటర్ కొనేటప్పుడు జత మాట మరిచిపోతున్నారంటే నాకు బాధగా ఉంటుంది.

గుట్టు విప్పింది పాలిటెక్నిక్ చదివే ఒక పిల్లోడు. తెర మూలన నా వినియోగమూ ప్రాసెసర్ వినియోగమూ అంకెల్లో చూపించే ఆఫ్టర్‌బర్నర్ వేశాడు. ప్రాసెసర్ నూటికి నూరు, నేను సగం కూడా లేను. తర్వాత రిజల్యూషన్‌ను 800 బై 600కి దించాడు. నా పని బాగా తగ్గింది, అయినా ఫ్రేములు ఒక్కటి కూడా పెరగలేదు.

"చూసినావా న్నా, కార్డు తప్పేం లేదు. రిజల్యూషన్ తగ్గిస్తే ఫ్రేములు పెరిగితే కార్డుది తక్కువ. పెరగలేదంటే ప్రాసెసర్‌ది."

డబ్బు ఖర్చులేని ఈ పరీక్ష ఎంత విలువైందో చెప్పలేను. కొత్త కార్డు కోసం ఇంట్లో పోరుపెట్టే ప్రతి పిల్లోడూ ముందు ఇది చేసి చూడాలని నా కోరిక. వేరుశనగ పంట ఒక ఏడు పండి రెండేళ్లు ఎండే చోట ఇరవై వేలంటే చిన్న మొత్తం కాదు.

కడప ఎండాకాలం గురించి కూడా చెప్పాలి. గది వేడే 40 డిగ్రీలు దాటితే నా ఫ్యాన్లు చల్లగాలి ఎక్కడినుంచి తెస్తాయి? 83 డిగ్రీల దగ్గర నాకు గీత గీసి ఉంది. దానికి చేరితే నా వేగం నేనే తగ్గించుకుంటాను. పక్కన ప్రాసెసర్ వేడి, పైన దుమ్ము పట్టిన జాలీ. మాకు కరెంటు అందించే, ఎవరో తక్కువ ధరకు అంటగట్టిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసుండేది. నేను గట్టిగా లాగిన ఒక మధ్యాహ్నం అది కంప్యూటర్ మొత్తాన్ని పడుకోబెట్టింది. జోడీ అంటే ఇద్దరి వేగం ఒక్కటే కాదని, ఇద్దరికీ సరిపడా కరెంటూ గాలీ కూడా అని అన్నకు ఆరోజే అర్థమైంది. సరైన ఎస్‌ఎంపీఎస్ కొన్నాడు. వారానికొకసారి బ్లోయర్ పట్టి దుమ్ము ఊదేవాడు.

తర్వాతి మార్పు నా జీవితంలో మంచిరోజు. అన్న రైజెన్ 5 2600 తెచ్చాడు, దాంతో బి450 బోర్డు. 2018లో వచ్చిన ఆ ప్రాసెసర్‌కు ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. మొదట ఒకటే ర్యామ్ కర్ర పెట్టబోతే పాలిటెక్నిక్ పిల్లోడు ఆపాడు. "రెండు ఎనిమిదులు ఎయ్యన్నా, డ్యూయల్ ఛానల్ వస్తాది. రైజెన్‌కు ర్యామ్ స్పీడు చానా ముఖ్యం." నిజమే. రైజెన్ లోపల కోర్ల గుంపుల్ని కలిపే దారి ర్యామ్ వేగంతో ముడిపడి నడుస్తుంది. ర్యామ్ మందగిస్తే ప్రాసెసర్ మందగిస్తుంది, దాని వెనకే నేనూ.

ఆరోజు నుంచి నా వినియోగం 97, 98 శాతం. ఊరి నడిబొడ్డున కారు జారిపోతున్నట్టు పోయింది. ఇప్పుడు ఆలస్యం నాదే, కానీ ఆ ఆలస్యాన్ని సెట్టింగులతో సర్దుకోవచ్చు. నీడల నాణ్యత ఒక మెట్టు దించితే నాకు ఊపిరి అందుతుంది. ప్రాసెసర్‌ది తక్కువైతే అట్లా దించడానికి ఆటలో పెద్దగా ఏమీ ఉండదు. జనం రద్దీ, చూపు దూరం లాంటివి ఒకటి రెండే. నన్నడిగితే పది ఫ్రేములు నావల్ల తక్కువ రావడమే మేలు. ప్రాసెసర్ వల్ల ఉండుండి ఆగడం కంటికి ఎక్కువ గుచ్చుకుంటుంది. సగటు 70 అని చూసి మురిసిపోయేవాళ్లు అడుగు ఒక్క శాతం ఫ్రేములు ఎంతకు పడుతున్నాయో కూడా చూడాలి. చేతికి తెలిసేది అదే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, షట్టర్ పడింది. పిల్లలు అప్పటికే ఫోన్లలో పబ్‌జీకి అలవాటు పడ్డారు. సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని నిషేధించాక మా షట్టర్ ఎత్తి ఉంటే కొందరైనా తిరిగొచ్చేవాళ్లేమో. అన్న అంతకు ముందే సామానంతా అమ్మకానికి పెట్టాడు. 2021లో ఈథీరియం తవ్వకం కోసం కార్డులకు విపరీతమైన గిరాకీ వచ్చి, నా పాత ఒంటికి కూడా కొత్తప్పటి ధర పలికింది. ఒకాయన నన్ను రాత్రీ పగలూ లెక్కలు తవ్వే అల్మరాలో పెడతానన్నాడు. అన్న ఇవ్వలేదు. బోర్డుతో, ప్రాసెసర్‌తో సహా కర్నూలులో ఉన్న అక్క కొడుక్కి ఇచ్చాడు. "ఆడుకునే పిల్లోని దగ్గరే ఉండనీ" అన్నాడు.

కర్నూలులో మా ఇల్లు సి.క్యాంప్ వైపు. పిల్లోడు ఇంజినీరింగ్. వాడు వాలరెంట్ ఆడతాడు, సెకనుకు 144 సార్లు మారే తెర కొన్నాడు. అంటే ఒక్కో ఫ్రేముకు 6.9 మిల్లీసెకన్లే. వాలరెంట్ బొమ్మలు తేలిక, నాకవి లెక్కలోవి కావు, భారమంతా ప్రాసెసర్ మీదే. వాడు తొందరపడి నన్ను మార్చలేదు. అదే బి450 బోర్డుకు బయోస్ అప్‌డేట్ చేసి 2600 స్థానంలో రైజెన్ 5 5600 కూర్చోబెట్టాడు. ఏఎం4 సాకెట్‌ను ఏఎండీ అన్నేళ్లు కొనసాగించడం మధ్యతరగతి ఇళ్లకు చేసిన మేలు. బోర్డు ఖర్చు మిగిలింది, ఫ్రేములు తెర అడిగినదాన్ని దాటాయి.

అదే జోడీతో సైబర్‌పంక్ 2077 పెట్టాడు. కథ తిరగబడింది. 2020 డిసెంబరులో ఆ ఆట వచ్చినప్పుడు సిఫారసు చేసిన కార్డుల్లో నేను ఉన్నాను. 2023లో కొత్త పట్టీ ఇచ్చినప్పుడు కనీస అర్హత గడిలోకి దిగాను. ప్రాసెసర్ గీత కూడా ఐ5 3570కే నుంచి ఐ7 6700కి పెరిగింది. 5600 సగం నిద్రలో ఉంటే నేను చెమటోడ్చాను. ఒకే ఇల్లు, ఒకే జోడీ, ఒక ఆటలో అది వెనకబడితే ఇంకో ఆటలో నేను. అందుకే "ఈ కార్డుకు ఏ ప్రాసెసర్ సరి" అని ఎవరైనా అడిగితే ఏ ఆట, ఏ తెర అని తిరిగి అడగాల్సిందే.

నంద్యాల నుంచి మావాడి స్నేహితుడొకడు ఇంటెల్ ఆర్క్ బి580 కొనాలని వచ్చాడు. 2024 డిసెంబరులో వచ్చిన కార్డు, 12 జీబీ, ధరకు మంచి పేరు. వాడి దగ్గరున్నది 2018 నాటి ప్రాసెసర్. ఆ కార్డు డ్రైవర్ ప్రాసెసర్ మీద బరువు ఎక్కువ వేస్తుందనీ, పాత ప్రాసెసర్లతో కొన్ని ఆటల్లో వేగం బాగా పడిపోతుందనీ కార్డు వచ్చిన కొద్ది వారాలకే పరీక్షించినవాళ్లు చూపించారు. బోర్డులో రీసైజబుల్ బార్ సౌకర్యం ఉండాలని ఇంటెలే చెప్పింది. మావాడు అన్నీ విప్పి చెప్పాడు. "ముందు ప్రాసెసర్ మార్చుకోరా. కార్డు యాడికీ పోదు." వాడు విన్నాడు. అట్లాంటి ఒక మాట ఆరోజు ఏడు రోడ్ల దగ్గర అన్నకు చెప్పేవాళ్లు ఉండుంటే అని అనిపించింది.

2025 అక్టోబరుతో కొత్త ఆటల కోసం మా తరానికి ఎన్విడియా డ్రైవర్లు ఇవ్వడం ఆపేసింది. భద్రతకు సంబంధించినవి మాత్రం 2028 అక్టోబరు వరకు వస్తాయి. మావాడు ఆర్‌టీఎక్స్ 5060 తెచ్చి 5600 పక్కన పెట్టాడు. దాన్ని బోర్డుతో కలిపే దారులు ఎనిమిదే, బి450లో అవి మూడో తరం వేగంతోనే నడుస్తాయి. 8 జీబీ మెమరీ నిండిపోనంతవరకు నష్టం కొద్దిపాటిదేనని లెక్క చూసుకునే కొన్నాడు.

నన్నూ పెట్టెలో ఉన్న 2600నూ కలిపి వాళ్ల చెల్లెలికి ఒక కంప్యూటర్ కట్టాడు. ఆమె కడపలో ఆర్కిటెక్చర్ చదువుతోంది. బ్లెండర్‌లో గండికోట ధాన్యాగారాన్ని కడుతోంది. ఇక్కడ సెకనుకు ఇన్ని ఫ్రేములన్న తొందర లేదు. దృశ్యాన్ని సిద్ధం చేసి ఇచ్చేవరకే 2600 పని, ఆ తర్వాత వెలుతురు కిరణాల లెక్కంతా నా 1,280 కోర్లదే. ఇబ్బంది ఒక్కటే, ఆమె తీసిన రాతిగోడల ఫొటోలు మరీ పెద్దవి, 6 జీబీలో పట్టడం లేదు. నిన్న గోడల టెక్స్‌చర్లను 4కే నుంచి 2కేకి దించింది. కమానులను మాత్రం 4కేలోనే ఉంచింది.