ఎదుగుదలకు టేపు

మా సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వెతుక్కునే చోట ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. "ఏమండీ బ్రదర్, ఆత్మీయంగా ఎదుగుతున్నారా?" బీపీ ఎంతంటే చెప్పొచ్చు, షుగరు ఎంతంటే రిపోర్టు చూపించొచ్చు. దీనికేం చూపిస్తాం? అందుకే అందరం ఒకటే జవాబు బట్టీపట్టాం. "అంతా దేవుని కృప బ్రదర్!" ఎదిగినవాడికీ సరిపోతుంది, ఎదగనివాడికీ సరిపోతుంది.

కానీ కొలవకుండా ఊరుకోవడం మనవల్ల అవుతుందా? మావాళ్లు కొన్ని కొలతలు పెట్టుకున్నారు. వాటిలో పెద్దది బైబిలు పఠనం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకుని, ఇంటికొచ్చి కేకు తిని, ఈ ఏడాది బైబిలు మొత్తం చదివేస్తామని తీర్మానించుకుంటాం. లెక్క తేలికే. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం అయిదు చొప్పున చదివితే డిసెంబరుకల్లా ప్రకటన గ్రంథం ముగుస్తుంది.

ఆదికాండం 50 అధ్యాయాలూ హాయిగా సాగిపోతాయి. ఓడ ఉంది, అన్నదమ్ముల కక్షలున్నాయి, యాకోబు పెళ్లిలో పెళ్లికూతురే మారిపోయింది. ఏ సీరియల్‌కీ తీసిపోదు. నిర్గమకాండంలో సముద్రం దాటేదాకా మనదీ పరుగే. ఆ తర్వాత గుడారం కొలతలు, తెరలు, కొలుకులు, దిమ్మలు మొదలవుతాయి. పక్కింటివాళ్లిచ్చిన సంక్రాంతి అరిసెలు అయిపోయే వేళకి, అంటే జనవరి నెలాఖరుకి, లేవీయకాండం గుమ్మంలో నిలబడతాం. ఏ జంతువు నెమరేస్తుంది, దేని డెక్కలు చీలి ఉంటాయి, గోడకు పట్టిన మచ్చ పచ్చగా ఉందా ఎర్రగా ఉందా... మా సంఘంలో చాలామంది బైబిళ్ల రిబ్బన్లు ఏళ్ల తరబడి అక్కడే కాపురం ఉంటున్నాయి. పేజీల అంచులు చూస్తే చాలు, సంగతి తెలిసిపోతుంది. మొదట్లో నలిగి, నడుమ కొత్త నోట్లలా ఫెళఫెళలాడుతూ, కీర్తనల దగ్గర మళ్లీ నలిగి ఉంటాయి.

రెండోది ఉపవాసం. శ్రమదినాలు 40. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా వేళ్ల మీద లెక్కపెడితే 46 వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు. ఈ రహస్యం మా ఇంట్లో బిర్యానీ ప్రియులకి ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఉపవాసమున్నప్పుడు మొహం కడుక్కుని తలకు నూనె రాసుకోమని, నలుగురికీ తెలియనివ్వొద్దని యేసు చెప్పిన సంగతి మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. మావాళ్లు సరిగ్గా ఆ 40 రోజులే నూనె సీసా అటక మీద పెడతారు.

ఇక అన్నిటికన్నా ఘనమైన కొలత, ప్రార్థన నిడివి. మా గృహకూడికల్లో ముగింపు ప్రార్థన ఎప్పుడూ సంఘపెద్దదే. ఆయన లేచి గొంతు సవరించుకోగానే ఆ ఇంటావిడ వంటింట్లోకి వెళ్లి మూకుడు పొయ్యి మీద పెడుతుంది. ప్రార్థన సృష్టి మొదటి రోజున బయల్దేరి, ప్రధానమంత్రిని, ముఖ్యమంత్రిని, కలెక్టరుని దీవించి, రోగుల దగ్గరికి చేరుతుంది. "తండ్రీ, మా సహోదరి మోకాలు... ఎడమది తండ్రీ... నీకు తెలియంది కాదు." తెలియంది కాదంటూనే ఎక్స్‌రేలో ఏమొచ్చిందో కూడా విన్నవిస్తారు. "చివరిగా ప్రభువా" అన్నారంటే సగమైందని అర్థం. పిల్లలు ఒంటికన్ను తెరిచి వంటింటి గుమ్మం వైపే చూస్తుంటారు.

ఈ కొలతల పిచ్చి మాతో మొదలైంది కాదు లెండి. అయిదో శతాబ్దంలో సిరియాలో, అలెప్పో దగ్గర, సిమియోను అనే సన్యాసి సలహాల కోసం ఎగబడే జనాన్ని తట్టుకోలేక ఓ స్తంభం ఎక్కాడు. ఎక్కాడని తెలిసి జనం ఇంకా ఎగబడ్డారు. ఆయన ఇంకా ఎత్తయిన స్తంభానికి మారాడు. చివరిది 15 మీటర్ల పైచిలుకంటారు. 459లో కన్నుమూసేదాకా, ముప్పయ్యేళ్లకు పైగా, ఆ పైనే! ఆత్మీయ ఎదుగుదలను మీటర్లలో చూపించగలిగిన మనిషి నాకు తెలిసి ఆయనే.

ఆ రోజుల్లో అరణ్యవాసులైన పెద్దలకి అనుమానం వచ్చిందట, ఇది భక్తా, గొప్పా అని. వెంటనే దిగమని కబురంపారు. తీసుకెళ్లేవాళ్లకి మాత్రం చెవిలో చెప్పారు. "దిగనని మొండికేస్తే లాగెయ్యండి. దిగుతానంటే ఉండనివ్వండి." కబురు చెవిన పడీ పడగానే సిమియోను కాలు కిందికి చాపాడు. "ఉండవయ్యా, ఉండు" అని వాళ్లు తిరిగెళ్లిపోయారు.

ఈ పరీక్ష మా సంఘంలో పెడితే ఎలా ఉంటుందో! స్తంభాలు లేవు గానీ, మైకులున్నాయి. గలతీ పత్రికలో పౌలు ఆత్మఫలం కింద రాసిన తొమ్మిదింటిలో మైకూ లేదు, నిడివీ లేదు. దీర్ఘశాంతం ఉంది. అది ముగింపు ప్రార్థన చేసేవాళ్లలో కన్నా వినేవాళ్లలోనే బాగా కాస్తోందని నా పరిశీలన.

ఒకసారి మా పాస్టరుగారు ఆ పరీక్షే పెట్టారు. "పెద్దయ్యా, ఇవాళ ముగింపు ప్రార్థన మన ఇంటర్ అమ్మాయితో చేయిద్దామా?" నేను ఊపిరి బిగబట్టాను. ఆయన "అలాగే అయ్యగారూ" అని చటుక్కున కూర్చున్నారు. ఆ అమ్మాయి నాలుగు ముక్కల్లో ముగించేసింది. ఆమేన్ అనడానికి ఎవరమూ సిద్ధంగా లేం. వంటింట్లోంచి ఇంటావిడ జల్లిగరిటెతో పరుగెత్తుకొచ్చింది.

"పెద్దయ్యా, మీరు కూడా ఒక మాట ప్రార్థన చేయండి. గారెలు ఇంకా మొదటి వాయే వేశాను."